ముట్టుకుంటే ఆడాల్సిందే

కేజీ టీచర్లుగా కొత్తగా చేరే అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీరు ఒమాన్‌లో చాలా ఏళ్ళు చేశారట కదా మేడం, చిన్నపిల్లలకు అంకెలు ఆటలతో ఎలా నేర్పాలో చెప్పండి" అంటారు. వాళ్ళ సంచుల్లో రంగురంగుల చార్టులుంటాయి. ఒక ఆపిల్ పండు పక్కన ఒకటి, రెండు పండ్ల పక్కన రెండు. నేను ఉద్యోగంలో చేరిన రోజున గోడమీద ఉన్నవీ ఇవే పండ్లు. ఎన్ని పాలసీలు వచ్చినా, ఎన్ని పేర్లు మార్చినా, ఆ ఆపిల్ పండ్లను మాత్రం ఎవరూ కదిలించలేకపోయారు.

వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. అందుకని రాసి పెడుతున్నాను. ఇంక్రిమెంట్లు, సర్వీసు సర్టిఫికెట్లు, లీవు శాలరీ గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి కావాలంటే మా ఆయన్ని అడగండి, ఆయన అక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూసిన మనిషి, సంతోషంగా చెబుతారు. నా దగ్గర ఉన్నది పిల్లలు, గింజలు, ఒక ప్రిన్సిపాల్ గారు, ఇన్నేళ్ళయినా తగ్గని కోపం.

గడగడా వంద

ఎనభైల చివర్లో మేం ఒమాన్‌లో నిజ్వా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. శుక్రవారం సెలవు. అక్కడున్న కొద్దిపాటి తెలుగు కుటుంబాలు ఒకరింట్లో ఒకరు భోజనాలకు కలిసేవాళ్ళం. వడ్డనకు ముందు ఒక కార్యక్రమం తప్పేది కాదు. ఆ ఇంటి పిల్లవాణ్ణి హాలు మధ్యలో నిలబెట్టి, "అంకుల్‌కి నంబర్స్ చెప్పు నాన్నా" అనేవారు. వాడు కళ్ళు పైకప్పుకు అంటించి, వన్ నుంచి హండ్రెడ్ దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. తల్లి మురిసిపోయేది. ఈలోపు బిర్యానీ చల్లారిపోయేది.

ఒక శుక్రవారం అలా అప్పజెప్పిన బాబును దగ్గరకు పిలిచాను. "ఇక్కడ మనం నలుగురం కూర్చున్నాం కదా, తలా ఒక స్పూను తెచ్చిపెట్టు" అన్నాను. వాడు వంటింట్లోకి పరుగెత్తి రెండు చేతులా పట్టినన్ని స్పూన్లు తెచ్చి నా ఒళ్ళో పోశాడు. "ఎన్ని తెచ్చావు?" అన్నాను. వాడు మళ్ళీ పైకప్పు చూస్తూ వన్, టూ, త్రీ అని అందుకున్నాడు. స్పూన్లవైపు చూడనే లేదు. ఎవరూ ఆపకపోతే వందకు పోయి ఆగేవాడు.

"కొత్తవాళ్ళు కదా, మావాడు సిగ్గుపడుతున్నాడు" అంది వాళ్ళమ్మ. వాడికి సిగ్గేమీ లేదు. వాడికి నాలుగంటే ఏమిటో తెలియదు, అంతే. ఆ మాట నేను బయటకు అన్నాను కూడా. తర్వాత చాలా శుక్రవారాలు మమ్మల్ని ఆ ఇంటికి పిలవలేదు.

అమ్మాయిలూ, ఈ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. అంకెల పేర్లు వరసగా చెప్పడం పాట పాడటం లాంటిది. పాట రావడం మంచిదే, కానీ అది లెక్క కాదు. పిల్లవాడు ఒక కుప్పను వేలితో ముట్టుకుంటూ ఐదు దాకా లెక్కపెడతాడు. "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. చాలామంది మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. ఆఖరున చెప్పిన ఐదే ఆ కుప్ప మొత్తానికి జవాబు అన్న సంగతి వాళ్ళకు ఇంకా తట్టలేదన్నమాట. అవే ఐదింటిని కాస్త ఎడంగా జరిపి చూపించండి, ఇప్పుడు ఎక్కువయ్యాయి అంటారు. ఇవి తప్పులు కావు. ఆ వయసుకు అలాగే కనిపిస్తుంది. వీటిని దాటించడమే మన పని. వంద దాకా పాడించి ఇంటికి పంపడానికి టీచరు అక్కర్లేదు, ఒక టేపురికార్డరు చాలు.

అద్దాల బీరువా

నిజ్వా నుంచి మేం మస్కట్ దగ్గరి సీబ్‌కు మారాం. అప్పుడప్పుడే అక్కడ విల్లాలు వరసగా లేస్తున్నాయి, రోజుకో కొత్త దుకాణం తెరుస్తున్నారు, కుటుంబాలు దిగుతున్నాయి. అద్దెకు తీసుకున్న ఒక విల్లాలో మన ఇండియా పిల్లల స్కూలు నడిచేది. కేజీ తరగతులు కింద అంతస్తులో, కారు షెడ్డు పక్క గదిలో.

ప్రిన్సిపాల్ గారు మన గుంటూరు వైపు మనిషే. టై కట్టకుండా నేనాయన్ను ఎప్పుడూ చూడలేదు, ఆగస్టు ఎండలో కూడా. ఆయన గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో చెక్క దిమ్మలు, రంగుపూసలు గుచ్చిన చట్రాలు, డబ్బాలో విడిపూసలు, తూకం వేసుకునే బొమ్మ త్రాసు, అన్నీ కేజీ పిల్లలకోసం కొన్నవే. బీరువాకు తాళం. తాళంచెవి ఆయన జేబులో.

చేరిన కొత్తలో అడిగాను. "సార్, ఆ పూసల చట్రాలు క్లాసుకు ఇప్పిస్తారా?"

ఆయన ఆశ్చర్యపోయారు. "క్లాసుకా? పిల్లలు ముట్టుకుంటే పాడైపోవూ? ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తే ఏం చూపిస్తాం మేడం?"

పిల్లల ఆటవస్తువులను పిల్లలనుంచి కాపాడిన స్కూలు అది. నవ్వకండి, మీరు చేరే స్కూల్లోనూ ఒక బీరువా ఉంటుంది. వెళ్ళిన రోజే తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

ఒకసారి మస్కట్ నుంచి ఒక నిపుణురాలిని పిలిపించి, ఆటల ద్వారా చదువు అనే విషయం మీద మాకు క్లాసు పెట్టించారు. ఆవిడ పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మాట్లాడింది. మేం కుర్చీల్లో కదలకుండా కూర్చుని రాసుకున్నాం. ఆట ఎంత ముఖ్యమో బోర్డు మీద రాసి, దాని కింద రెండు గీతలు గీసింది. ఆరోజు ఆ గదిలో ఎవరూ ఏదీ ఆడలేదు. చివర్లో సమోసాలు ఇచ్చారు.

గుంటలు

నాకు ఆట నేర్పింది మా ప్రొద్దుటూరు. చిన్నప్పుడు మధ్యాహ్నాలు వాకిట్లో వామనగుంటలు ఆడేవాళ్ళం. రెండు వరసల గుంటలు, వాటిలో చింతగింజలు. ఒక గుంటలోవి తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటి పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట తగిలితే దాని పక్క గుంటలోవి గెలుచుకోవడం. సీబ్‌లో సాయంత్రం సముద్రం ఒడ్డుకు వెళ్ళినప్పుడు చూస్తే, ఒమానీ పెద్దవాళ్ళు ఇసుకలో గుంటలు చేసుకుని ఇంచుమించు ఇదే ఆట ఆడుతున్నారు. హవాలీస్ అంటారట. గుంటల వరసలు ఎక్కువ, అరుపులు కూడా ఎక్కువ. మా ఆయన లాక్కెళ్ళేదాకా నిలబడి చూశాను.

మర్నాడు షెడ్డు వెనక ఇసుకలో చిన్న చేతులకు సరిపోయేటట్టు రెండు వరసలు తవ్వాను. చింతగింజలు లేవు. ఇంట్లో ఖర్జూరాలున్నాయి కదా అని అవే పట్టుకెళ్ళాను. ఒక్క చుట్టు పంచేసరికి పిల్లలు లెక్క మొత్తం తినేశారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, తీసివేత అంత త్వరగా నేర్చుకున్న పిల్లల్ని నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత గింజలే వాడాం. ఒమాన్‌లో ఖర్జూరపు గింజలకు కరువు ఉండదు.

మొదట్లో రోజూ జగడాలే. ఒకడు గుంటలో వేలుపెట్టి గింజలు కెలుకుతూ లెక్కపెడతాడు, ఇంకొకడు "నువ్వొకటి జరిపావు" అంటాడు. అప్పుడు మా ఊళ్ళో ఉన్న కట్టుబాటే పెట్టాను. చూపుతోనే లెక్కపెట్టుకోవాలి. ముట్టుకుంటే ఆడాల్సిందే. ఎదుటివాళ్ళ వంతులో అసలు చెయ్యి పెట్టకూడదు. ఆట మధ్యలో గంట కొడితే గుంటలమీద ఈతాకు చాప కప్పి వెళ్ళాలి, మర్నాడు ఎవరి వంతు అయితే వాళ్ళే తియ్యాలి.

ఈ ఒక్క కట్టుబాటు ఎంత పని చేసిందో నేనే ఊహించలేదు. వేలికి పని పోయేసరికి కళ్ళకు పని తగిలింది. కొద్ది వారాల్లో పిల్లలు గుంటను ఓరగా చూసి "నాలుగు" అనేవారు. ఏడుంటే ఒక పక్క నాలుగు, ఒక పక్క మూడు కనిపించేవి వాళ్ళకు. "నావి అక్కడిదాకా రావాలంటే ఇంకొకటి కావాలి" అని లోపల్లోపల గొణుక్కునేవారు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క భాష, మలయాళం, గుజరాతీ, ఉర్దూ, తెలుగు. గుంటల దగ్గర మాత్రం ఎవరికీ ఏదీ అడ్డం రాలేదు.

ప్రిన్సిపాల్ గారు ఒకసారి కిటికీలోంచి చూసి పిలిపించారు. "ఏమిటి మేడం ఆ మట్టిలో? తల్లిదండ్రులు చూస్తే మనది వీధిబడి అనుకుంటారు."

"లెక్కలు చెబుతున్నాను సార్."

"లెక్కలైతే పుస్తకంలో ఉంటాయి కదా" అన్నారాయన. గేటువైపు నుంచి కనబడకుండా ఆడించుకోండి అని వదిలేశారు. నేను ఆయన దగ్గర పొందిన ప్రోత్సాహం అదే.

నసీమా

ఆ ఏడు యూకేజీలో నసీమా అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న బాషాది కడప. సీబ్‌లో ఒక విల్లాలో డ్రైవరు. భార్య అదే ఇంట్లో వంట చేసేది. వెనక ఒక గది ఇచ్చారు. డ్రైవర్లకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు సామాన్యంగా దొరకదు. వాళ్ళ అర్బాబు, అంటే ఇంటి యజమాని, మంచివాడు కాబట్టి ముగ్గురికీ వీసాలు చేయించాడు.

నసీమా క్లాసులో నోరు తెరిచేది కాదు. ఇంట్లో ఉర్దూ, నాతో కడప తెలుగు, ఇంగ్లీషులో మౌనం. గుంటల దగ్గర కూర్చుంటే మాత్రం వేరే మనిషి. గౌను మోకాళ్ళ కిందకు లాక్కుని, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, గుంటలన్నీ ఒకసారి చూసేది. తర్వాత ఒక్క గుంటలో చెయ్యి పెట్టేది. ఎక్కడ పడాలో అక్కడే పడేది ఆఖరి గింజ. నేను పిల్లలతో ఆడేటప్పుడు కావాలని ఓడిపోతుంటాను. నసీమాతో ఆ అవసరం రాలేదు.

ఫస్ట్ క్లాసులో సీట్లు తక్కువ, యూకేజీలో పిల్లలు ఎక్కువ. సీబ్ అంత వేగంగా పెరుగుతుంటే స్కూలు పెంచాలని ఎవరికీ తోచలేదు. పిల్లల్ని తగ్గించాలని మాత్రం తోచింది. అందుకు ఏటా ఓరల్ టెస్టు పెట్టేవారు. ప్రిన్సిపాల్ గారే స్వయంగా చేస్తారు.

టెస్టుకు ముందు బాషా గేటు దగ్గర నాకోసం కాచుకుని నిలబడ్డాడు. "మేడం, పాపకు సీటు వచ్చాదా? అర్బాబు ఒకటే మాట చెప్పినాడు. పిల్ల బడికి పోతాంటే సరే, ల్యాకుంటే పొద్దస్తమానం ఇంట్లో తిరుగులాడేది వాళ్ళామెకు సరిపోదంట, ఊరికి పంపియ్ అన్న్యాడు. మేమిద్దరం ఈడ, పిల్ల ఆడ. మా ఇంటామె ఇప్పట్నుంచే ఏడుస్తాంది."

"నసీమాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది బాషా? మా క్లాసులో లెక్క తెలిసిన పిల్ల అదే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ప్రిన్సిపాల్ గారి బల్ల

టెస్టు రోజున ఆయన బీరువా తాళం తీశారు. ఏడాదికి ఒకసారి ఆ పూసలకు గాలి తగిలేది ఆరోజే. ఒక ట్రేలో ఎర్ర పూసలు పోసి బల్లమీద పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వేలితో ముట్టుకుంటూ వన్, టూ అని చెప్పాలి. నేను పక్కన నిలబడాలి, మాట్లాడకూడదు.

నసీమా వచ్చింది. చేతులు రెండూ వీపు వెనక్కి వెళ్ళాయి.

"కౌంట్" అన్నారాయన.

నసీమా ట్రే వంక చూసి, "సెవెన్" అంది.

"అలా కాదు. వేలు పెట్టి లెక్కపెట్టు."

నసీమా తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకో రెండు పూసలు వేశారు. "ఇప్పుడు?"

"నైన్."

"వేలు పెట్టు అన్నానా?"

ఆ పిల్ల నావైపు చూసింది. నేను తల ఊపాను, పెట్టమ్మా అని. అయినా చేతులు ముందుకు రాలేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, నాతో తెలుగులో అన్నారు, "ఊరికే ఊహించి చెబుతోంది. మొండితనం కూడా ఉంది."

"ఊహించి రెండుసార్లు సరిగ్గా ఎలా చెబుతుంది సార్?"

"మేడం, ప్లీజ్." అని, నసీమా వైపు తిరిగి, "వన్ నుంచి హండ్రెడ్ చెప్పు" అన్నారు.

నసీమా మెల్లగా మొదలుపెట్టింది. ట్వెంటీ దాటింది. ట్వెంటీ ఎయిట్, ట్వెంటీ నైన్. ఒక్క క్షణం ఆలోచించి, "ట్వెంటీ టెన్" అంది.

ఆయన పకపకా నవ్వారు. నసీమా నోరు అంతటితో మూతపడింది.

ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మీ ముందు కూడా ఏదో ఒకరోజు ఎవరో ఒక పిల్ల ట్వెంటీ టెన్ అంటుంది. తొమ్మిది తర్వాత పది వస్తుందని తెలిసి, ఇరవై మీద పది అని తనంతట తాను కట్టుకున్న మాట అది. ఎవరూ నేర్పంది. థర్టీ అని చిలకలా పలికిన పిల్లలందరికంటే ఆ తప్పు చెప్పిన పిల్లకు పదుల సంగతి ఎక్కువ తెలుసు. అలాంటి తప్పు వినబడితే నవ్వకండి. నవ్వే ప్రిన్సిపాళ్ళు ఎలాగూ ఉంటారు.

బయటకు వచ్చాక వరండాలో నసీమా ముందు కూర్చున్నాను. "ఎందుకు ముట్టుకోలేదమ్మా?"

"ముట్టుకుంటే ఆడాల గదా టీచర్" అంది. "అది సార్ వంతు."

పూసలు పోసింది ఆయన. బల్ల ఆయనది. ఎదుటివాళ్ళ వంతులో చెయ్యి పెట్టకూడదని నేనే కదా చెప్పింది. నేను చెప్పిన కట్టుబాటును ఆ పిల్ల ప్రిన్సిపాల్ గదిలో కూడా తప్పలేదు. మర్యాద పాటించినందుకు మొండిది అనిపించుకుంది.

వెంటనే లోపలికి వెళ్ళి ఆయనకు మొత్తం చెప్పాను. ఆట గురించి, వంతుల గురించి, చూపుతో లెక్కపెట్టడం గురించి. "ఒక్కసారి మళ్ళీ పిలవండి సార్. ఇది ఆట కాదు, ముట్టుకోవచ్చు అని నేను చెబుతాను. ముట్టుకుని లెక్కపెడుతుంది."

ఆయన పూసలు డబ్బాలో పోస్తూ విన్నారు. "మేడం, స్కూలు గుంటలాట కాదు. ఒకళ్ళకు రెండోసారి పెడితే అందరూ అడుగుతారు. అయినా ట్వెంటీ టెన్ అన్న పిల్లను ఫస్ట్ క్లాసుకు ఎలా పంపను? రేపు వాళ్ళ టీచరు నన్ను అంటుంది."

బీరువా తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నారు.

నేను ఊరుకోలేదు. స్కూలు కమిటీలో ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. ఆయన టీ ఇప్పించి, ఓపిగ్గా విని, "మీరు కేజీ టీచరు కదమ్మా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో అడిగితే చెప్పలేదు. ఇంట్లో నేనే చదువు చెబుతాను, మధ్యాహ్నం స్కూలు అయ్యాక మా ఇంటికి పంపండి అని బాషా చేత అర్బాబుకు చెప్పించాను. అర్బాబు మంచివాడే కానీ ఆయన భార్యకు కావాల్సింది యూనిఫాం వేసుకుని వ్యాను ఎక్కి వెళ్ళే పిల్ల. సెలవులదాకా ఉంచుకోమన్నారు, అంతే.

బాషాకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నీ కూతురి తప్పు లేదు, తెలివితక్కువతనం ఆ బల్లకు అవతలి పక్క ఉంది అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. "మీరు మంచోల్లు మేడం, అట్లనే చెప్తారు" అన్నాడు. నమ్మలేదు. టై కట్టుకున్న మనిషి తప్పు చేశాడంటే మనవాళ్ళు అంత తేలిగ్గా నమ్మరు.

నసీమా స్కూలుకు వచ్చిన ఆఖరి రోజు మేమిద్దరం గుంటల దగ్గర ఆడుతున్నాం. నా ఆఖరి గింజ వేశాను. తన వంతు. చేతులు వెనక కట్టుకుని చూస్తోంది. ఈలోపు బాషా వచ్చాడు. అర్బాబుకు కారు కావాలట, త్వరగా తీసుకెళ్ళాలన్నాడు. నసీమా లేచి, తనే చాప తెచ్చి గుంటలమీద కప్పింది. నాలుగు మూలలా ఇసుక పోసింది, గాలికి లేవకుండా.

"ముట్టుకోవద్దు టీచర్" అంది. "నా వంతు."

"ముట్టను" అన్నాను. అది తన ఆఖరి రోజని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నాకూ నోరు రాలేదు.

సిమెంటు

సెలవుల తర్వాత తిరిగొచ్చి చూస్తే షెడ్డు వెనక ఇసుక లేదు. సిమెంటు ఉంది.

ఆ వేసవిలో ఎక్కడినుంచో ఒక సర్క్యులర్ వచ్చిందట, చిన్న తరగతుల్లో ఆటల ద్వారానే లెక్కలు నేర్పాలని. ప్రిన్సిపాల్ గారు ఆగమేఘాల మీద పని చేయించారు. గుంటలు రెండు వరసలు, చక్కగా గుండ్రంగా, సిమెంటుతో. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క రంగు, పక్కన తెల్ల పెయింటుతో అంకెలు. ఒకటో గుంటలో ఒక గింజ, రెండో గుంటలో రెండు. గింజలు పోకుండా వార్నిష్ వేసి, జిగురుతో సిమెంటుకు అతికించారు. చుట్టూ చిన్న గొలుసు. గొలుసుకు ఒక బోర్డు, ముట్టుకోరాదు అని ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ.

"మీ ఐడియానే మేడం, కొంచెం పద్ధతిగా చేయించాను" అన్నారాయన. నిజంగానే సంతోషంగా అన్నారు. అదే నాకు ఎక్కువ మంటెత్తించింది. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఈయనకు తను ఏం చేశాడో తెలియదు.

ప్రారంభోత్సవానికి అతిథులొచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీసుకున్నారు. పిల్లల్ని గొలుసు అవతల వరసలో నిలబెట్టి వన్ నుంచి హండ్రెడ్ దాకా చెప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి తినడానికి కేకు.

నేను మాత్రం క్లాసులోనే నేలమీద సుద్దముక్కతో గుంటలు గీసి ఆడించుకున్నాను, ఉద్యోగం చేసినన్నాళ్ళూ. మీరూ అలాగే చెయ్యండి. ఇసుక లేకపోతే సుద్ద, సుద్ద లేకపోతే కోడిగుడ్ల అట్టలు. ఎవరి అనుమతీ అడక్కండి. అడిగితే సిమెంటు పోయిస్తారు.

ప్రారంభోత్సవం అయిన కొన్నాళ్ళకు బాషా స్కూలుకు వచ్చాడు. మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయాక. ఇంటినుంచి క్యాసెట్టు వచ్చిందట. ఊళ్ళో అవ్వ దగ్గర నసీమా మాట్లాడి పంపించింది. "మీరూ వినాల మేడం" అని షెడ్డు పక్కన ఆపిన అర్బాబు కారు తలుపు తీసి, క్యాసెట్టు పెట్టాడు.

మొదట కోళ్ళ చప్పుడు, ఎవరో ముసలామె దగ్గు. తర్వాత నసీమా గొంతు, ఊళ్ళో కొత్త బళ్ళో నేర్పిన రాగంతో. వన్, టూ, త్రీ. ట్వెంటీ నైన్, థర్టీ. ఎక్కడా ఆగలేదు. ఆలోచించలేదు. వంద దాకా ఒకే ఊపిరి.

బాషా ముఖం వెలిగిపోయింది. "చూసినారా మేడం. వంద. ఆ పొద్దు ఇట్ల చెప్పింటే సీటు వచ్చుండు గదా. మా పిల్ల రోంత ఆల్స్యంగా నేర్చుకున్యాది."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

క్యాసెట్టు ఇంకా తిరుగుతోంది. అబ్బా, అబ్బా అని పిలుస్తూ నాన్నతో ఉర్దూలో ఏవో కబుర్లు చెప్పింది. అమ్మను అడిగింది. తర్వాత, నాకు చెప్పాల్సిన మాట కాబట్టి కాబోలు, తెలుగులోకి మారింది.

"అబ్బా, టీచర్‌కు చెప్పు. గుంటలమింద చాప కప్పినా గదా, ఇప్పుడు నా వంతు. నేనొచ్చేదాకా ఎవురూ గింజలు ముట్టుకోగూడదని చెప్పు."

టేపు అక్కడితో అయిపోయింది. బాషా క్యాసెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఈ రాత్రికి మేమూ రికార్డు చేసి పంపుతాం. మీ మాటగా ఏం చెప్పమంటారు మేడం?"

కారులోంచి చూస్తే షెడ్డు వెనక గొలుసు, బోర్డు కనబడుతున్నాయి.

"ఎవరూ ముట్టుకోవడం లేదని చెప్పు బాషా" అన్నాను.